సేఫ్టీ బోర్డు మీద లేని లెక్క: పనామా నుంచి కంది దాకా

పెద్ద కన్‌స్ట్రక్షన్ సైటు గేటు దగ్గర ఒక బోర్డు ఉంటుంది, చూసే ఉంటారు. పైన "సేఫ్టీ ఫస్ట్" అని, మధ్యలో హెల్మెట్ పెట్టుకున్న బొమ్మ, కింద "ప్రమాదం లేకుండా గడిచిన రోజులు ఇన్ని" అని ఒక అంకె. ఆ అంకె అబద్ధం అని నేననను. కానీ అది లెక్కపెట్టేది గేటు లోపల, షిఫ్టు టైములో జరిగేవాటినే. షిఫ్టు అయ్యాక ఆ మనిషి ఎక్కడికెళ్తాడు, ఎక్కడ పడుకుంటాడు, ఒక్కో గదిలో ఎంతమంది పడుకుంటారు.. ఇవేవీ ఆ బోర్డు మీద ఉండవు. మామూలు రోజుల్లో ఇది పెద్ద లోటుగా కనపడదు. అంటురోగం వచ్చినప్పుడు మాత్రం అసలు కథంతా అక్కడే నడుస్తుంది.

ఇదేదో 2020లో కరోనా వచ్చాక మనకి కొత్తగా తెలిసిన సంగతి కాదండీ. దానికి నూరేళ్ళ ముందే ఒక డాక్టరు చాలా స్పష్టంగా చెప్పాడు. చెప్పింది కూడా ఎక్కడో లైబ్రరీలో కూచుని కాదు, అప్పటికి ప్రపంచంలోకెల్లా పెద్ద కన్‌స్ట్రక్షన్ సైటులో నిలబడి. ఆ సైటు పేరు పనామా కాలువ.

పనామా కాలువ గురించి మనం స్కూల్లో చదువుకున్నది రెండే ముక్కలు. అట్లాంటిక్, పసిఫిక్ మహాసముద్రాలని కలుపుతుంది, 1914లో మొదలైంది. దాని వెనక ఉన్న జ్వరాల కథ మన పుస్తకాల్లో లేదు.

మొదట తవ్వబోయింది ఫ్రెంచి వాళ్ళు. 1869లో సూయజ్ కాలువ పూర్తిచేసిన ఫెర్డినాండ్ డి లెసెప్స్ అదే ఊపులో పనామా మీద పడ్డాడు. 1881లో పని మొదలైంది. సూయజ్ అంటే ఎడారి, ఇసుక. పనామా అంటే కొండలు, అడవి, ఏడాదిలో ఎక్కువ నెలలు వాన, అడుగడుగునా నీటి గుంట. దోమలకి స్వర్గం అన్నమాట. కూలీలు, ఇంజనీర్లు మలేరియాతో, ఎల్లో ఫీవర్‌తో పిట్టల్లా రాలిపోయారు. 1883లో చీఫ్ ఇంజనీరుగా వచ్చిన జూల్ డింగ్లర్ కొద్ది కాలంలోనే కూతుర్ని, కొడుకుని, కాబోయే అల్లుణ్ణి, చివరికి భార్యని కూడా పోగొట్టుకున్నాడు. 1889లో కంపెనీ దివాలా తీసేసరికి ఇరవై వేల మందికి పైగా పోయి ఉంటారని ఒక అంచనా. అంచనా అని ఎందుకంటున్నానంటే, ఆసుపత్రి దాకా రాకుండా చచ్చిపోయిన కూలీని లెక్క రాసుకున్నవాడు లేడు.

ఇందులో ఒక దారుణమైన ముచ్చట ఉంది. ఫ్రెంచి వాళ్ళు ఆన్‌కాన్ అనే చోట చాలా మంచి ఆసుపత్రి కట్టారు. మంచాల మీదకి చీమలు ఎక్కకుండా మంచం కోళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టారు. మన ఇళ్ళలో పాల గిన్నెకి పెడతాం చూడండి, అలా. ఆ గిన్నెల్లో దోమలు గుడ్లు పెట్టాయి. పక్క మంచం మీద జ్వరం రోగి, కింద దోమల ఫ్యాక్టరీ! కాలు విరిగి చేరినవాడు జ్వరంతో పోయేవాడు. వాళ్ళది నిర్లక్ష్యం కాదు. దోమకి, జ్వరానికి సంబంధం ఉందని అప్పటికి రుజువు కాలేదు, అంతే.

ఆ రుజువు దొరికింది మన దగ్గరే. 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ అనే సైనిక డాక్టరు ఆడ అనాఫిలస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశాడు. అందుకు తన రక్తం ఇచ్చింది హుసేన్ ఖాన్ అనే రోగి. కుట్టించుకున్న ఒక్కో దోమకి ఒక అణా ఇచ్చారట ఆయనకి. రాస్‌కి 1902లో నోబెల్ వచ్చింది. బేగంపేట పాత ఎయిర్‌పోర్టు దగ్గర ఆయన పేరుతో ఒక పాత భవనం ఉంది, హైదరాబాదులో ఏళ్ళ తరబడి ఉంటున్నవాళ్ళు కూడా చాలామంది దాని ముందు నుంచి వెళ్ళిపోతుంటారు. ఎల్లో ఫీవర్ సంగతేమో క్యూబా డాక్టరు కార్లోస్ ఫిన్లే 1881లోనే దోమలే కారణమన్నాడు. ఇరవై ఏళ్ళు ఎవరూ నమ్మలేదు. 1900లో వాల్టర్ రీడ్ బృందం అది నిజమేనని తేల్చింది.

1904లో అమెరికా పనామా పనిని చేతిలోకి తీసుకుంది. ఆరోగ్య శాఖకి అధికారిగా వచ్చినవాడు విలియం గోర్గస్. అప్పటికే హవానా నగరంలో దోమల్ని అదుపు చేసి ఎల్లో ఫీవర్‌ని తరిమేసిన మనిషి. ఇంత అనుభవం ఉన్నవాడు వచ్చి కావలసిన మనుషుల్ని, సామాను అడిగితే, పైనున్న కమిషన్ పట్టించుకోలేదు. దోమల వెనక పరిగెత్తడం వాళ్ళకి పిచ్చి పనిగా కనపడింది. (మేనేజ్‌మెంటుకి రిస్కు గురించి చెప్పి చెప్పి అలిసిపోయిన ఏ ఇంజనీరుకైనా ఈ సీను పరిచయమే!)

మరి ఎప్పుడు కదిలారు? 1905లో ఎల్లో ఫీవర్ ఆఫీసుల్లోకి వచ్చినప్పుడు. గుమాస్తాలు, డ్రాఫ్ట్స్‌మన్‌లు, ఇంజనీర్లు, అంటే తెల్ల అమెరికన్లు, మంచాన పడటం మొదలైంది. ఏ ఓడలో చోటు దొరికితే ఆ ఓడ ఎక్కి పారిపోయారు. జూన్‌లో చీఫ్ ఇంజనీరు వాలెస్ రాజీనామా చేశాడు. తర్వాత వచ్చిన జాన్ స్టీవెన్స్ ఒక మంచి పని చేశాడు. తవ్వకం ఆపి, మనుషుల్ని, డబ్బుని గోర్గస్ చేతిలో పెట్టాడు. గోర్గస్ వేల మందితో పనామా సిటీలో ఇల్లిల్లూ గంధకం పొగ వేయించాడు, నీళ్ళ తొట్లకి మూతలు పెట్టించాడు, గుంటల్లో కిరసనాయిలు పోయించాడు, మంచినీళ్ళ పైపులు వేయించాడు. ఆ నవంబరు తర్వాత పనామా సిటీలో ఎల్లో ఫీవర్ చావు లేదు. మలేరియా కూడా తగ్గింది. 1906లో 26,000 మంది ఉద్యోగుల్లో 21,000 మందికి పైగా ఎప్పుడో ఒకప్పుడు మలేరియాతో ఆసుపత్రిలో చేరితే, 1912కి ఉద్యోగులు 50,000 దాటినా చేరినవాళ్ళు 5,600 మంది.

పనామా ఆరోగ్య కథ సాధారణంగా ఇక్కడ ఆగిపోతుంది. దోమ ఓడింది, సైన్సు గెలిచింది, చప్పట్లు. నిజమే, గొప్ప విజయమే. కానీ అక్కడ తట్టలు మోసినవాళ్ళ కథ ఇక్కడే మొదలవుతుంది.

కాలువ పనిలో జనాన్ని రెండు పట్టీలుగా విడగొట్టారు. ఒకటి గోల్డ్ రోల్, రెండోది సిల్వర్ రోల్. పేరుకి ఎవరికి బంగారు నాణేల్లో జీతం, ఎవరికి వెండి నాణేల్లో అని. నడిచినదేమో రంగుని బట్టి. గోల్డ్ అంటే తెల్ల అమెరికన్లు, సిల్వర్ అంటే ఎక్కువగా బార్బడోస్, జమైకా లాంటి వెస్టిండీస్ దీవుల నుంచి వచ్చిన నల్ల కూలీలు. బార్బడోస్ అనే చిన్న దీవి నుంచే దాదాపు 20,000 మందిని కాంట్రాక్టు మీద తెచ్చారు. కూలి గంటకి 10 సెంట్లు. పోస్టాఫీసులో కిటికీ వేరు, దుకాణంలో వరస వేరు, ఆసుపత్రిలో వార్డు వేరు. ఇక ఇళ్ళు సరే సరి. గోల్డ్ వాళ్ళకి వరండా అంతా సన్న జాలీ కొట్టించిన ఇళ్ళు, పెళ్ళయిన వాళ్ళకి ఫర్నిచరుతో సహా ఉచితం. సిల్వర్ వాళ్ళకి చెక్క బ్యారక్‌లు. ఒక్కో హాల్లో మూడంతస్తుల బల్లలు వేసి 70 మందికి పైగా.

1906 లెక్కలు చూడండి. ఆ ఏడాది మొదటి పది నెలల్లో తెల్ల ఉద్యోగుల్లో మరణాల రేటు వెయ్యికి 17. నల్ల కార్మికుల్లో వెయ్యికి 59. ఎల్లో ఫీవర్‌ని జయించేశాం అని పేపర్లు రాస్తున్న ఏడాదే ఇది! నవంబరులో అధ్యక్షుడు థియోడర్ రూజ్వెల్ట్ స్వయంగా వచ్చి, తెల్ల సూటు వేసుకుని ఆవిరి యంత్రం మీద కూచుని ఫోటో దిగాడు. పదవిలో ఉండగా విదేశానికి వెళ్ళిన మొదటి అమెరికా అధ్యక్షుడు ఆయనే. ఆ ఫోటో ఇప్పటికీ అన్ని చోట్లా కనపడుతుంది. వెయ్యికి 59 అన్న అంకె కనపడదు.

సిల్వర్ వాళ్ళని ఎక్కువగా చంపింది దోమ కాదు, న్యుమోనియా. పగలంతా వానలో తడుస్తూ పని. చాలామందికి ఉన్నది ఒకటే జత బట్టలు, తడిసినవే ఒంటి మీద ఆరాలి. రాత్రి 70 మంది ఒకే హాల్లో, ఒకరి ఊపిరి ఒకరికి. కొత్తగా ఓడ దిగిన కుర్రాడు తిన్నగా ఆ హాల్లోకే వచ్చేవాడు. ఒకడి దగ్గు అందరి దగ్గు అవడానికి ఎన్ని రోజులు పడుతుంది?

ఎల్లో ఫీవర్ మీద అంత వేగంగా కదిలిన యంత్రాంగం న్యుమోనియా మీద ఎందుకు కదల్లేదు? నాకు తోచిన కారణం ఒకటే. ఎల్లో ఫీవర్ వస్తే ఇంజనీర్లు పారిపోతారు, పని ఆగిపోతుంది. న్యుమోనియాతో కూలీ పోతే ఇంకో ఓడలో ఇంకో కూలీ దిగుతాడు, పని ఆగదు. వాళ్ళు కాపాడింది పనిని. పనితో పాటు కొందరు మనుషులు కూడా బతికారు.

తర్వాత న్యుమోనియా బాగా తగ్గింది. ఎలా? కూలీలు బ్యారక్‌లు వదిలేశారు! అక్కడి తిండి, సైన్యంలో లాంటి నియమాలు వాళ్ళకి పడలేదు. ఒక్కొక్కరే బయటికి పోయి, అడవి అంచున గుడిసె వేసుకుని, నాలుగు మొక్కలు నాటుకుని, పెళ్ళాం బిడ్డల్ని పిలిపించుకుని ఉండటం మొదలెట్టారు. కమిషన్ కూడా అడ్డుచెప్పడం మానేసింది. ఆ గుడిసెలకి జాలీలు లేవు, డ్రైనేజీ లేదు. అంటే లోపలుంటే న్యుమోనియా, బయటుంటే దోమ. అయినా సరే బయటే నయమని తేల్చుకున్నారు.

గోర్గస్ దీన్ని గమనించాడు. జనం చెదిరిపోయి ఎవరింట్లో వాళ్ళు ఉండటమే న్యుమోనియా తగ్గడానికి ముఖ్య కారణమని నమ్మాడు. కొత్తవాళ్ళ రాక తగ్గడం, ఉన్నవాళ్ళ ఒంటికి రోగాన్ని తట్టుకునే శక్తి రావడం కూడా కారణాలు అయ్యుండొచ్చు, ఆ చర్చ వేరే. ఈ మాట ఆయన ఇంకోచోట కూడా చెప్పాడు. 1913 చివర్లో దక్షిణాఫ్రికా బంగారు గనుల యజమానులు ఆయన్ని పిలిపించారు. అక్కడ కూడా నల్ల కార్మికుల్ని కాంపౌండ్లలో పెట్టి గనుల్లో దింపేవాళ్ళు, న్యుమోనియాతో పోయేవాళ్ళు. గోర్గస్ చూసి చెప్పిన సలహా: ఈ కాంపౌండ్లలో జనాన్ని కుక్కకండి, విడివిడిగా ఇళ్ళివ్వండి, కుటుంబాలతో ఉండనివ్వండి. యజమానులు మర్యాదగా విన్నారు. ఇళ్ళు మాత్రం కట్టలేదు. 1911 నుంచే వాళ్ళ డబ్బుతో అక్కడ న్యుమోనియా టీకా ప్రయోగాలు నడుస్తున్నాయి, ఇళ్ళతో పోలిస్తే టీకా చవక. కాంపౌండ్ల పద్ధతి ఆ తర్వాత దశాబ్దాల పాటు సాగింది.

1914 ఆగస్టు 15న కాలువ మొదలైంది. అమెరికా హయాంలో రోగాలతో, ప్రమాదాలతో పోయినవాళ్ళు అధికారిక లెక్కలో 5,609 మంది. అందులో సుమారు 4,500 మంది నల్లవాళ్ళు. తెల్ల అమెరికన్లు దాదాపు 350 మంది.

సరే, ఇప్పుడు ఒక్కసారి 2020కి వద్దాం. రోగం మారింది, పడకల లెక్క ఏమైనా మారిందా అని.

ముందు సింగపూర్. డబ్బున్న దేశం, క్రమశిక్షణకి పేరు. 2020 మొదటి నెలల్లో కరోనాని బాగా కట్టడి చేసిందని ప్రపంచమంతా మెచ్చుకుంది. అక్కడ భవనాలు కట్టేది, ఓడలు బాగుచేసేది మన దేశం నుంచి, బంగ్లాదేశ్ నుంచి వెళ్ళినవాళ్ళు. సుమారు 3,23,000 మంది డార్మిటరీల్లో ఉండేవాళ్ళు, ఒక్కో గదిలో 12 నుంచి 20 మంది దాకా. ఏప్రిల్‌లో అక్కడ అంటుకుంది. డిసెంబరుకి తేలిన లెక్క ప్రకారం ఆ డార్మిటరీల్లో 47 శాతం మందికి కరోనా వచ్చిపోయింది. అదే ఊళ్ళో బయట ఉన్న జనంలో బయటపడిన కేసులు అర శాతం కూడా లేవు. అందరూ వయసులో ఉన్నవాళ్ళు, వైద్యం అందింది కాబట్టి చావులు చాలా తక్కువ, ఆ మేరకి ప్రభుత్వాన్ని మెచ్చుకోవాల్సిందే. కానీ ఒకే ఊళ్ళో, ఒకే వైరస్‌కి ఇంత తేడా ఎందుకొచ్చింది? గదికి ఎంతమంది అన్న ఒక్క లెక్క వల్ల. తర్వాత వాళ్ళే నియమాలు మార్చారు. 2021లో కొత్తగా కట్టే డార్మిటరీల్లో గదికి 12 మందికి మించకూడదన్నారు. దెబ్బ తగిలాక నేర్చుకున్నారు, నేర్చుకున్నారు కదా అదే సంతోషం.

ఇక మన సంగతి. 2020 మార్చి 25 నుంచి లాక్‌డౌన్. అందరం ఇళ్ళలో కూచున్నాం. మాలాంటి వాళ్ళం ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని పని చేసుకున్నాం. ఏప్రిల్ 15న కేంద్ర హోం శాఖ కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. 20వ తేదీ నుంచి పట్టణాల్లో కట్టడం పనులు సాగించొచ్చు, కానీ ఒక షరతు: కూలీలు సైటులోనే ఉండాలి, బయటి నుంచి తేకూడదు. చదవగానే సబబుగానే ఉంటుంది. బయటివాళ్ళు రాకపోతే రోగం రాదు కదా! కానీ ఇంకోసారి చదవండి. సైటులో ఉన్న రేకుల షెడ్డు సురక్షితం అని ఆ షరతు ముందే అనుకుంటోంది. షెడ్డులో ఎంతమంది ఉన్నారు, నీళ్ళ పంపులెన్ని, దొడ్లెన్ని అన్న ప్రశ్నే అందులో లేదు. బ్యారక్‌లో 70 మందిని పెట్టి "దోమలు లేవు కదా" అన్నట్టే ఇది.

ఏప్రిల్ 29న సంగారెడ్డి జిల్లా కందిలో, ఐఐటీ హైదరాబాదు క్యాంపస్ కడుతున్న కూలీలు తిరగబడ్డారు. రెండు వేల మందికి పైగా ఉన్న సైటు అది. జార్ఖండ్, బీహార్ లాంటి రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్ళే ఎక్కువ. వాళ్ళడిగినవి రెండే: జీతం ఇవ్వండి, ఊరికి పంపండి. రాళ్ళు పడ్డాయి, పోలీసులకి దెబ్బలు తగిలాయి. రెండు రోజులు తిరక్కుండానే, మే 1 తెల్లవారుజామున లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకి సుమారు 1,200 మందితో ఒక రైలు బయల్దేరింది. లాక్‌డౌన్‌లో వలస కూలీల కోసం నడిచిన మొట్టమొదటి రైలు అదే. 72 మంది పట్టే బోగీలో 54 మందినే ఎక్కించారు. ఆ రోజు మేడే కావడం కాకతాళీయం.

ఆ తర్వాత నాలుగు రోజులకి పక్కనే కర్ణాటకలో ఇంకో తమాషా. మే 5న బిల్డర్లతో ముఖ్యమంత్రి సమావేశం అయ్యాక, కూలీల కోసం అడిగిన రైళ్ళు వద్దని రాష్ట్రం రైల్వేకి రాసింది. కూలీలు వెళ్ళిపోతే పనులాగిపోతాయి కదా. గోల గోల అయ్యాక రెండు మూడు రోజుల్లో వెనక్కి తగ్గింది. పనామాలో పారిపోయే ఇంజనీర్ని ఎవరూ ఆపలేదు, ఓడ ఎక్కాడు వెళ్ళిపోయాడు. ఇక్కడ కూలీ వెళ్తానంటే రైలే ఆపబోయారు.

2021 రెండో వేవ్‌లో ఢిల్లీలో సెంట్రల్ విస్టా పనులు ఆపమని హైకోర్టుకి వెళ్తే, కూలీలు సైటులోనే ఉంటున్నారు కాబట్టి ఆపక్కర్లేదని మే 31న కోర్టు కొట్టేసింది, వెళ్ళినవాళ్ళకి లక్ష రూపాయల జరిమానా కూడా వేసింది. మళ్ళీ అదే తర్కం. సైటులో ఉంటే చాలు, సేఫ్.

చట్టం లేదా అంటే, ఉంది. కట్టడం కార్మికుల కోసం 1996లో పార్లమెంటు చేసిన చట్టంలో 34వ సెక్షను సరిగ్గా దీని గురించే. పని జరిగినన్నాళ్ళూ సైటులో గానీ దగ్గర్లో గానీ ఉచితంగా వసతి ఇవ్వాలి, వండుకునే చోటు, స్నానానికి, బట్టలుతుక్కోవడానికి, మరుగుదొడ్డికి విడిగా చోటు ఉండాలి అని అందులో ఉండేది. కట్టడం ఖర్చులో నూటికి రూపాయి చొప్పున సెస్సు వసూలు చేసి సంక్షేమ నిధిలో వేస్తారు. 2020 మార్చి 24న కేంద్ర కార్మిక శాఖ స్వయంగా చెప్పిన లెక్క: ఆ నిధిలో సుమారు 52,000 కోట్ల రూపాయలు, పేరు నమోదైన కార్మికులు సుమారు మూడున్నర కోట్ల మంది. అంటే మనకి తెలియక కాదు, డబ్బు లేక కాదు, చట్టం లేక అసలే కాదు. అదే ఏడాది సెప్టెంబరులో పార్లమెంటు ఆ 1996 చట్టాన్ని కొత్త కార్మిక కోడ్‌లో కలిపేసింది. పేజీలు మారినా గదికి ఎంతమంది అని సైటుకి పోయి చూసే మనిషి లేకపోతే ఏ సెక్షనూ పనిచేయదు.

"వాళ్ళ ఊళ్ళో మాత్రం ఇంతకన్నా బాగుందా?" అని కొంతమంది అంటారు. ఉండకపోవచ్చు. కానీ ఊళ్ళో గుడిసె చిన్నదైనా అందులో ఉండేది తన ఇంట్లోవాళ్ళు. ఒంట్లో బాగోకపోతే ఇవాళ పనికి పోను అనుకోవచ్చు. షెడ్డులో ఆ రెండూ లేవు. పైగా ఇది మనకి పరాయి కథా? దేశంలో ఏ డ్యాము దగ్గరికి పోయినా "పాలమూరు లేబరు" అన్న మాట వినపడిన రోజులున్నాయి. ప్రాజెక్టుల పక్కన గుడిసెల్లో బతికింది మహబూబ్‌నగర్ జిల్లా జనమే. ఇవాళ మన ఊళ్ళలో అపార్ట్‌మెంట్లు కట్టేవాడు ఒడిశా నుంచో, ఛత్తీస్‌గఢ్ నుంచో వస్తున్నాడు. షెడ్డు అదే, మనిషి మారాడు.

సాఫ్ట్‌వేర్‌లో మాకొక అనుభవం ఉంటుంది. డ్యాష్‌బోర్డు మీద ఏ అంకె కనపడితే దాన్నే బాగుచేస్తారు. కనపడనిది పాడైపోతూనే ఉంటుంది, ఒకరోజు మొత్తం కూలేదాకా. పనామాలో ఎల్లో ఫీవర్ డ్యాష్‌బోర్డు మీద ఉంది, న్యుమోనియా లేదు. సైటు గేటు దగ్గర బోర్డు మీద హెల్మెట్ ఉంది, పడక లేదు. కాబట్టి నేనడిగేది పెద్ద విప్లవం కాదు. ఆ బోర్డు మీద ఇంకో మూడు గీతలు గీయండి. గదికి ఎంతమంది, దొడ్డికి ఎంతమంది, జ్వరం వస్తే విడిగా పడుకోడానికి ఎన్ని మంచాలు. రోజూ అంకె మార్చండి, దారిన పోయేవాళ్ళందరికీ కనపడేలా. ఫ్లాటు కొనుక్కునే మనం కూడా క్లబ్ హౌసు, స్విమ్మింగ్ పూలు చూసుకున్నాక లేబర్ షెడ్డు ఎటువైపుందని ఒక్కసారి బిల్డర్ని అడుగుదాం. వంద మంది అడిగితే ఆ బోర్డు మారుతుందని నా ఆశ. ఏమంటారు?